సముద్రానికి ఇసుక హద్దు

2005 జనవరి. సునామీ వచ్చి మూడు వారాలైనా కాలేదు. మా ఊరి మందిరం ముందు షామియానా వేసి మూడు రోజుల కూటాలు పెట్టారు. రెండో రోజు రాత్రి, బయటి నుంచి వచ్చిన ఒక దైవసేవకుడు బైబిల్లో ఆమోసు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం తీసి, "యెహోవా చేయనిది పట్టణములో ఉపద్రవము కలుగునా?" అని చదివారు. చదివి, నాగపట్నం నుంచి మా కృష్ణా తీరం దాకా పోయిన వాళ్ల పాపాల చిట్టా విప్పారు. తాగుడు, విగ్రహాలు, సినిమాలు. వాళ్ల పాపం పండింది, దేవుడు కొరడా తీశాడు అన్నారు. జనం "ఆమేన్" అన్నారు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నేనూ అన్నాను.

మా నాయనమ్మ అనలేదు. చాప మీద నుంచి లేచి, చీకట్లో చెప్పులు వెతుక్కుని, ఒక్కతే ఇంటికి నడిచి వెళ్లిపోయింది. ముగింపు ప్రార్థన కాకముందే ఆవిడ మందిరం వదలడం నేను చూసింది అదొక్కసారే.

మాది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో మా వైపు వేలమంది పోయారు. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. నాయనమ్మ తాటిచెట్టును కరుచుకుని బతికింది. మా నాన్న తర్వాతివాడు, నాలుగేళ్లవాడు, ఆవిడ చేతిలోంచి జారిపోయాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆ సేవకుడు చదివిన వచనం బైబిల్లో ఉన్నదే, ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నాయనమ్మ కూడా ఆ వచనాన్ని నమ్మని మనిషి కాదు. ప్రవక్తల గ్రంథాలు మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. మరి ఎందుకు లేచిపోయింది? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు పట్టుకుంది. ఇప్పుడు నాకు తోచిన జవాబు రాస్తున్నాను.

ముందు, నేను కొన్నాళ్లు నమ్మి వదిలేసిన ఒక జవాబు సంగతి చెప్పాలి. భూమి పలకలు కదిలాయి, సముద్రం పొంగింది, ఇందులో దేవుడి ప్రమేయం ఏమీ లేదు, ఆయన ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుంటాడు, అంతే అని. డిగ్రీలో ఉండగా స్నేహితులతో వాదిస్తూ నేనూ ఇదే చెప్పేవాణ్ణి. వినడానికి మెత్తగా ఉంటుంది. ఇలా చెప్పేవాళ్లలో చాలామంది మంచివాళ్లు. కానీ ప్రవక్తలను బైబిల్లోంచి చింపేస్తే తప్ప ఈ మాట నిలబడదు. వాళ్లకు వాన, ఎండ, మిడత, తెగులు, భూకంపం, అన్నీ యెహోవా చేతిలోవే. అందులో ఒక్కదాన్ని కూడా ఆయన చేతిలోంచి తీసేయడానికి వాళ్లు ఒప్పుకోరు.

ఎందుకంత పట్టుదల అనేది 1928 తర్వాత మరింత స్పష్టమైంది. ఆ ఏడాది సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి పాత సమాధి రాయి తగిలింది. మరుసటి ఏడాది తవ్వకాలు మొదలయ్యాయి, ఉగారిత్ అనే నగరం బయటపడింది. అక్కడి మట్టి పలకల మీద బయలు అనే దేవుడి కథలున్నాయి. మనం బైబిల్లో చదివే బయలే. వాటిలో అతను మేఘాల మీద స్వారీ చేసేవాడు, వానదేవుడు. సముద్రం ఇంకో దేవుడు, పేరు యామ్. బయలు రెండు గదలతో యామ్‌ను కొట్టి ఓడిస్తాడు. బయలు చనిపోతే వానలు ఆగిపోతాయి. హెబ్రీ భాషలో కూడా సముద్రాన్ని యామ్ అనే అంటారు. చుట్టుపక్కల అందరూ వాన ఒకడిది, సముద్రం ఒకడిది, చావు ఇంకొకడిది అని పంచి పెట్టిన లోకంలో ప్రవక్తలు మాట్లాడారు. ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఇచ్చింది నేనేనని ఆమెకు తెలియలేదే అని, ఇశ్రాయేలును భార్యతో పోల్చి, హోషేయ గ్రంథంలో దేవుడు బాధపడేది అందుకే. నేల ఒకరిదీ, మొక్కు ఇంకొకరికీ అయిపోయింది.

ఇప్పుడు యిర్మీయా అయిదో అధ్యాయం, 22వ వచనం చూడండి. సముద్రానికి ఇసుకను సరిహద్దుగా పెట్టాను, అలలు ఎంత పొర్లినా, ఎంత ఘోషించినా దాన్ని దాటలేవు అంటాడు యెహోవా. గదల్లేవు, యుద్ధం లేదు. పిడికిట్లో నిలవని ఇసుక చాలు. ఉగారిత్ పలకలు చదివాక ఈ వచనం చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

కానీ మా ఇంట్లో ఈ వచనం చదవడం కష్టం. మా దగ్గర సముద్రం ఇసుక దాటింది. నాయనమ్మ రోజుకో అధ్యాయం చొప్పున వరుసగా, పైకి చదివేది. యిర్మీయా అయిదు వచ్చిన రోజు 22 దగ్గర గొంతు ఆగేది. దాటేసి ముందుకు వెళ్లేది కాదు. కాసేపు ఊరుకుని, మళ్లీ అదే వచనం మొదటి నుంచి చదివి, అప్పుడు 23కి వెళ్లేది. చిన్నప్పుడు నేను కళ్లజోడు సరిగ్గా లేదేమో అనుకునేవాణ్ణి.

ఆమోసు దగ్గరికి వద్దాం. ఆ దైవసేవకుడు తెరిచింది ఆమోసునే కాబట్టి ఆమోసునే నిదానంగా చదవాలి.

ఆమోసు తెకోవ ఊరివాడు, యెరూషలేముకు దక్షిణంగా పదహారు కిలోమీటర్ల దూరం. వృత్తి ప్రవక్త కాదు. పశువుల కాపరి, మేడిపండ్లు చూసుకునేవాడు. గ్రంథం మొదటి వాక్యంలోనే ఒక తేదీ ఉంటుంది: భూకంపానికి రెండేళ్ల ముందు. ఆ భూకంపం జనం మనసులో ఎంత పాతుకుపోయిందంటే, ఎంతో కాలం తర్వాత వచ్చిన జెకర్యా గ్రంథం కూడా ఉజ్జియా రాజు నాటి భూకంపం అని దాన్ని తలుచుకుంటుంది. 1950లలో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదీన్ బృందం ఉత్తరాన హాసోరులో తవ్వినప్పుడు, క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దపు పొరలో గోడలు ఒరిగిపోయి కనిపించాయి. అది ఆ భూకంపం పనేనని చాలామంది పండితుల అభిప్రాయం.

రెండేళ్ల ముందు. ఈ రెండు మాటలు నేను చాలాకాలం పట్టించుకోలేదు. ఆమోసు నేల కదలకముందు వచ్చాడు. గోడలు నిలబడి ఉండగా, మారడానికి టైమ్ ఉండగా, ఎవరి ఇల్లు కూలబోతోందో వాళ్ల మొహం చూసి మాట్లాడాడు. మా కూటాల్లో ఆ సేవకుడు మూడు వారాలు ఆలస్యంగా వచ్చారు. ఆయన ఎవరి గురించి మాట్లాడారో వాళ్లు ఆ షామియానా కింద లేరు. కొందరు మట్టిలో ఉన్నారు, కొందరు సముద్రంలో.

నిజమే, ఆమోసు జరిగిపోయిన వాటి గురించి కూడా చెప్పాడు. నాలుగో అధ్యాయంలో చాలా భాగం అదే. కరువు వచ్చినప్పుడు తినడానికి ఏమీ లేక పళ్లు శుభ్రంగా ఉండిపోయాయట. తెలుగు బైబిలు దాన్ని "దంతశుద్ధి" అంటుంది. ఆకలికి ఇంతకంటే దగ్గరగా వెళ్లిన మాట నేను ఇంకెక్కడా చదవలేదు. కోతకు ఇంకా మూడు నెలలుండగా వాన ఆగింది అంటాడు. సాగు తెలిసినవాడి మాట అది. గింజ పాలుపోసుకునే వేళ చినుకు లేకపోతే అప్పటిదాకా పడిన వానంతా వృథా. ఒక ఊరి మీద కురిసి పక్క ఊరి మీద కురవలేదు, రెండు మూడు ఊళ్ల వాళ్లు తూలుకుంటూ ఇంకో ఊరికి నీళ్లకు పోయారు. తర్వాత ఎండు తెగులు, మిడతలు, రోగం, యుద్ధం. ప్రతిదాని చివరా ఒకటే మాట, అయిదు సార్లు: అయినా మీరు నా వైపు తిరగలేదు.

ఆ "మీరు" అన్న మాట దగ్గర ఆగాలి. "వాళ్లు" అని ఒక్కసారి కూడా లేదు. తెగులు తగిలిన పొలం ఎవరిదో వాళ్లతోనే మాట్లాడుతున్నాడు. ఇంతకీ ఏ తప్పుకు? నీతిమంతుణ్ణి వెండికీ, బీదవాణ్ణి ఒక జత చెప్పులకీ అమ్మేశారు. తూకం రాళ్లు మార్చారు. దంతపు మంచాల మీద పడుకుని పక్కవాడి నాశనం పట్టించుకోలేదు. ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను తవ్వకాల్లో దంతపు చెక్కడాల ముక్కలు వందలకొద్దీ దొరికాయి కాబట్టి, ఆ మంచాల మాట కవిత్వం కోసం అన్నది కాదని తెలుస్తుంది. ఆ కరువులో ముందు ఆకలితో పోయింది చెప్పుల జతకు అమ్ముడుపోయినవాడే కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. దానికి ఆమోసు గ్రంథంలో నాకు జవాబు దొరకలేదు. కానీ ఆకలితో పోయినవాడి మీద నింద వేసిన వాక్యం కూడా అందులో దొరకలేదు. వేలు ఎప్పుడూ మంచం మీద పడుకున్నవాడి వైపే ఉంటుంది.

ఇక్కడ నన్ను నేనే పట్టుకోవాల్సిన చోటు ఒకటుంది. ఆమోసు దక్షిణ యూదా మనిషి, మాట్లాడింది ఉత్తరాన బేతేలులో. పొరుగు రాజ్యం వాళ్ల మీద పడ్డాడుగా? అక్కడి యాజకుడు అమజ్యా సరిగ్గా అదే అన్నాడు, మీ దేశం పారిపో, అక్కడే ప్రవచించి బతుకు అని. ఈ అభ్యంతరానికి బలం ఉంది. కానీ అదే ఏడో అధ్యాయం మొదట్లో ఏముందో చూడండి. పచ్చిక మొలిచే వేళ దేవుడు మిడతలను పుట్టించడం ఆమోసు దర్శనంలో చూస్తాడు. చూసి, నేను ముందే చెప్పానుగా అనడు. క్షమించు ప్రభువా, యాకోబు (అంటే ఇశ్రాయేలు జనం) చిన్నవాడు, ఎలా నిలుస్తాడు అని బతిమాలతాడు. దేవుడు ఆగుతాడు. మళ్లీ అగ్ని కనిపిస్తుంది. మళ్లీ బతిమాలతాడు. మళ్లీ ఆగుతాడు. పరాయి రాజ్యం కోసం దేవుడి చెయ్యి పట్టుకుని ఆపినవాడికి ఆ రాజ్యాన్ని తిట్టే హక్కు ఉంది. మా కూటాల్లో ఆ రాత్రి తీరం వాళ్ల కోసం ఒక్క ప్రార్థన జరిగినట్టు నాకు గుర్తు లేదు.

యోవేలు ఇంకో అడుగు ముందుకు వెళ్లాడు. ఆ గ్రంథం నిండా మిడతల దండే. కానీ ఏ పాపానికి అవి వచ్చాయో ఒక్క చోట కూడా చెప్పడు. ఏడవండి, ఉపవాసం ఉండండి, బట్టలు కాదు గుండెలు చింపుకోండి అంటాడు. కారణం తెలియకపోయినా దేవుడి దగ్గరికి వెళ్లవచ్చన్నమాట.

ప్రకృతి సంగతి ఇలా ఉంటే, రాజ్యాల సంగతి నాకు అర్థమైంది ఒక గోడ ముందు నిలబడ్డాక.

కొన్నేళ్ల క్రితం ఆఫీసు పని మీద లండన్‌లో మూడు నెలలున్నాను. ఒక శనివారం బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాను. అష్షూరు (అస్సీరియా) రాజధాని నీనెవెలో, సన్హెరీబు రాజు భవనం గోడలకు ఉన్న రాతి పలకలు అక్కడ ఒక గదిలో వరసగా పెట్టారు. క్రీ.పూ. 701లో అష్షూరు సైన్యం యూదాలోని లాకీషును పట్టుకున్న కథ వాటి మీద చెక్కారు. కోట గోడకు దిబ్బలు పోసి యంత్రాలు ఎక్కిస్తున్నారు. పైనుంచి కాగడాలు విసురుతున్నారు. మనుషులను కొయ్యలకు గుచ్చి నిలబెట్టారు. అన్నిటికంటే నా కాళ్లు కదలనివ్వనిది ఒక ఎద్దుబండి. మూటల మీద ఆడవాళ్లు, పిల్లలు కూర్చున్నారు. మగవాడు ముందు నడుస్తున్నాడు. వరద వచ్చినప్పుడు మా ఊళ్లో బండ్ల మీద సామాను ఎక్కించుకుని గట్టు మీదికి వెళ్లే వాళ్లు కూడా ఇలాగే కూర్చుంటారు. ఆ కుటుంబం మాత్రం బందీలుగా దూరదేశం పోతోంది.

చివర్లో ఎత్తైన సింహాసనం మీద సన్హెరీబు. పక్కన రాత: లోకానికి రాజు, అష్షూరు రాజు సన్హెరీబు సింహాసనం మీద కూర్చుండగా లాకీషు కొల్లసొమ్ము అతని ముందు నుంచి సాగింది అని. దగ్గరికెళ్లి చూస్తే రాజుకు మొహం లేదు. ఎవరో కావాలని చెక్కేశారు. క్రీ.పూ. 612లో నీనెవె పడిపోయినప్పుడు శత్రు సైనికులు చేసి ఉంటారని అంటారు.

యెషయా పదో అధ్యాయం సరిగ్గా ఈ అష్షూరు గురించే. అష్షూరు నా కోపమనే కర్ర అంటాడు యెహోవా. కానీ ఆ కర్రకు తాను కర్రనని తెలియదు. గూట్లో వదిలేసిన గుడ్లు ఏరుకున్నట్టు భూమంతా ఏరుకున్నాను, రెక్క ఆడించినవాడు లేడు, కిచకిచలాడినవాడు లేడు అని అష్షూరు రాజు గొప్పలు పోతాడు. దానికి దేవుడు వేసే ప్రశ్న: నరికేవాడి మీద గొడ్డలి ఎగిరిపడుతుందా? సన్హెరీబు తన విజయాలు రాయించిన మట్టి స్తంభం కూడా అదే మ్యూజియంలో ఉంది. అందులో యూదా కోట పట్టణాలు 46 పట్టుకున్నానంటాడు, 2,00,150 మందిని తోలుకొచ్చానంటాడు, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానంటాడు. ప్రవక్తా పిట్టల గురించే మాట్లాడాడు, రాజూ పిట్టల గురించే మాట్లాడాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం రాజు ఎక్కడా రాయించలేకపోయాడు.

అదే మ్యూజియంలో, ఇంకో గదిలో, చేతిలో పట్టేంత మట్టి స్తూపం ఒకటుంది. 1879లో బబులోను శిథిలాల్లో దొరికింది. క్రీ.పూ. 539లో బబులోనును గెలిచిన పారసీక రాజు కోరెషు రాయించింది. మర్దూకు దేవుడు దేశాలన్నీ వెతికి, నన్ను చేయి పట్టుకుని తెచ్చి, రాజ్యం ఇచ్చాడు అని ఉంటుంది. ఇప్పుడు యెషయా నలభై అయిదు తీయండి. యెహోవా కోరెషు కుడిచేయి పట్టుకున్నాడు, అతన్ని తన అభిషిక్తుడు అన్నాడు. అభిషిక్తుడంటే మెస్సీయ. ఇశ్రాయేలు వాడు కాని ఏ రాజుకూ బైబిల్లో ఆ మాట ఇంకెక్కడా వాడలేదు. పైగా, నువ్వు నన్ను ఎరగకపోయినా నీకు పేరు పెట్టాను అంటాడు.

మాటలు దాదాపు ఒకటే. దేవుడు చేయి పట్టుకున్నాడు, దేశాలను లోబరిచాడు. కానీ స్తూపం మీది మాట గెలిచినవాడి నోటిది, తన గెలుపు గురించి. యెషయా గ్రంథంలోని మాట ఊరు పోగొట్టుకుని, గుడి కాలిపోయి, సైన్యం లేక, పరాయి నేల మీద బతుకుతున్న జనం వినడానికి చెప్పింది. మీ మెడ మీద కాలు పెట్టినవాడి పైన కూడా ఒకడున్నాడు అని. గెలిచినవాడి నోట అది దండోరా. ఓడిపోయినవాడి నోట అదే మాట ఊపిరి. లోకాన్ని దేవుడే ఏలుతున్నాడన్న మాట నిజమా కాదా అని మనం వాదించుకుంటాం. ఆ మాట ఎవరు, ఎవరితో, ఎక్కడ నిలబడి అంటున్నారో అడగం. నా గొడవంతా ఇక్కడే.

యిర్మీయాను చూడండి. బబులోను రాజు నెబుకద్నెజరు నా సేవకుడు అని దేవుడు అన్నట్టు చెప్పాడు. చెప్పింది బబులోను దర్బారులో బహుమతి కోసం కాదు. తన ఊళ్లో, తన రాజు ముందు, బబులోనుకు లోబడమన్న గుర్తుగా మెడ మీద కాడి పెట్టుకుని చెప్పాడు. దేశద్రోహి అన్నారు, కొట్టారు, బురద గోతిలో దించారు. అదే సమయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఆ కాడి విరగ్గొట్టి, రెండేళ్లలో బబులోను పని అయిపోతుందన్నాడు. జనానికి చెవికి ఇంపైన మాట, దేశభక్తి మాట. అతనూ యెహోవా పేరు మీదే చెప్పాడు.

ఇప్పుడు తెలుగులో యూట్యూబ్ తెరిస్తే చాలు, ఎక్కడ యుద్ధం మొదలైనా మరునాటికి ఒక మ్యాపు, దాని మీద బాణాలు, యెహెజ్కేలులో ఈ దేశం ఇదీ ఆ దేశం అదీ అని వీడియోలు. చూసేవాళ్లలో మా బంధువులే చాలామంది ఉన్నారు, భక్తితోనే చూస్తారు, వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ మ్యాపులో ఎద్దుబండి కనిపించదు. ఎవరి ఊరి మీద బాంబు పడిందో వాళ్లు ప్రవచనం నెరవేరడానికి కావాల్సిన సామాను అయిపోతారు. ఆమోసు జనాల మీద తీర్పు ఎలా చెప్పాడో గమనించండి. మోయాబును ఏ తప్పుకు పట్టుకున్నాడు? ఎదోము రాజు ఎముకలు కాల్చి సున్నం చేసినందుకు. అటు మోయాబు, ఇటు ఎదోము, రెండూ పరాయి జనాలే. ఇశ్రాయేలుకు జరిగిన నష్టం ఏమీ లేదు. ఒక పరాయివాడి శవానికి జరిగిన అవమానం కూడా దేవుడి లెక్కలో ఉందన్నమాట. ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి, సిరియనులను కీరు నుంచి తీసుకొచ్చింది కూడా నేనేగా, నాకు మీరూ కూషీయులూ ఒకటేగా అని తన జనాన్నే అడుగుతాడు. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి విడిపించబడ్డాం అని గర్వంగా చెప్పుకునే జనంతో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! యెషయా పంతొమ్మిదిలో అయితే ఐగుప్తు నా జనం, అష్షూరు నా చేతి పని అని దీవెన ఉంటుంది. ఎద్దుబండిని తోలుకుపోయిన అష్షూరుకు! ఆ వచనం నేను ఇంకా పూర్తిగా మింగలేకపోతున్నాను.

యోనా కూడా మింగలేకపోయాడు. ఆ చిన్న కథలో చేప, సొరచెట్టు, పురుగు, తూర్పు గాలి, నాలుగూ దేవుడు చెప్పినట్టు విన్నాయి. మనిషి ఒక్కడే వినలేదు. నీనెవె కూలిపోతే చూద్దామని ఊరి బయట పందిరి వేసుకుని కూర్చున్నాడు. మా షామియానా గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ పందిరి గుర్తొస్తుంది. అక్కడ కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల పైచిలుకు జనం ఉన్నారు, పశువులూ ఉన్నాయి, వాళ్ల మీద నేను జాలిపడొద్దా అని దేవుడు అడగడంతో పుస్తకం ఆగిపోతుంది.

హబక్కూకు దేవుణ్ణే నిలదీశాడు. ఎన్నాళ్లు మొరపెట్టాలి, దుర్మార్గుడు తనకంటే నీతిమంతుణ్ణి మింగేస్తుంటే ఎందుకు ఊరుకున్నావు అని. అడిగి, కావలి గోపురం ఎక్కి జవాబు కోసం నిలబడ్డాడు. దేవుడి చేతిలో ఏమీ లేదనుకునేవాడు అలా నిలబడడు. అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయని నమ్మినవాడికే అడగడానికి ఒకరుంటారు. దీన్ని నేను పుస్తకాల్లో ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇంట్లో అంతకుముందే విన్నాను.

ఆ కూటాల మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నన్ను లేపింది. డ్రమ్ములోంచి బియ్యం కుంచంతో కొలిపించి బస్తాలో పోయించింది. సైకిల్ మీద వేసుకుని పల్లెకారుల పాలెం వైపు బయల్దేరాం. సునామీకి వాళ్ల వలలు పోయాయి, పడవలు పగిలాయి. నేను సైకిల్ నడిపిస్తున్నాను, ఆవిడ పక్కన నడుస్తోంది.

"నాయనమ్మా, రాత్రి ఆయన చెప్పింది తప్పా? సునామీ దేవుడు పంపలేదా?"

"పంపలేదని నేనన్నానా?" అంది. కొంచెం దూరం నడిచాక, "ఆయనకి తెలీకుండా వచ్చిందంటే ఇంక నేనెవర్ని అడగాల్రా?" అంది.

నేనేం మాట్లాడలేదు.

"అడుగుతూనే ఉన్నాను, ఇరవై ఏడేళ్ల నుంచి. నువ్వు ఆ బస్తా మూతి చూడు, బియ్యం కారిపోతున్నాయి."